సాధారణీకరణకీ సూత్రానికీ గీత ఎక్కడ గీయాలి?

బరంపురంలో వంద గిన్నెలు మరిగించి చూసి "నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి" అంటే అది సాధారణీకరణ. అదే మాట పట్టుకుని కోరాపుట్ ఘాట్ ఎక్కితే తప్పుతుంది. సుమారు 870 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. 1,672 మీటర్ల దేవమాలి మీద ఇంకా తక్కువ, 94-95. "ద్రవం ఆవిరి పీడనం బయటి పీడనంతో సమానమైతే మరుగుతుంది" అన్న సూత్రం మూడు చోట్లా నిలుస్తుంది. పైగా ఎక్కడ ఎంత తగ్గుతుందో ముందే లెక్కగట్టిస్తుంది.

ఇంతవరకు పేచీ లేదు. చిక్కంతా న్యాయశాస్త్రపు (మన ప్రాచీన తర్కశాస్త్రపు) వ్యాప్తి దగ్గర, అంటే ఒకటి ఉన్న ప్రతిచోటా రెండోది తప్పక ఉంటుందనే సంబంధం దగ్గర. "పొగ ఉన్నచోట నిప్పు" చెల్లుతుంది. తిరగేసి "నిప్పు ఉన్నచోట పొగ" అంటే చెల్లదు, తడి కట్టె అనే ఉపాధి (మాటలో చెప్పకుండా దాగిన అదనపు షరతు) అడ్డొస్తుంది: ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగేదీ?

ఉపాధి దొరకనంత మాత్రాన వ్యాప్తిని సూత్రం అనొచ్చా, కారణం కూడా చూపాలా? రాయగడ వైపు పోటీ పరీక్షల పిల్లలకి "మినహాయింపు దొరికితే సాధారణీకరణ, లేకపోతే సూత్రం" అని చెబుతుంటారు. ఇది చాలదనిపిస్తోంది, మినహాయింపు ఇంకా కంటపడని సాధారణీకరణలూ ఉంటాయి కదా. తర్కం చదివినవారు ఎవరైనా ఒక ఉదాహరణతో విడమరిచి చెప్పగలరా?