ఆత్మకూరు నుంచి మున్నార్, అలెప్పీ: ప్యాకేజీ లేకుండా పోతే ఎక్కడ మిగుల్తుంది?

పెన్నా_గట్టు:
మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. వేసవి సెలవుల్లో అయిదు రోజులు కేరళ అనుకుంటున్నాం. మేమిద్దరం, అమ్మ (64 ఏళ్లు), పిల్లలు 9, 4 ఏళ్లవాళ్లు. ప్యాకేజీ అడిగితే రైలు, గదులు, కారు, హౌస్‌బోటు అన్నీ కలిపి ఒకే అంకె చెప్తున్నారు. దేనికెంతో విడదీసి చెప్పమంటే మాట దాటేస్తున్నారు. సొంతంగా బుక్ చేసుకుంటే ఎక్కడెక్కడ తగ్గుతుంది? శబరి ఎక్స్‌ప్రెస్ రైల్లో స్లీపర్ దొరకదంటున్నారు, నిజమేనా? తేదీలు అటూ ఇటూ జరుపుకోగలం.

గూడూరు_జంక్షన్:
శబరి సికింద్రాబాద్‌లో బయల్దేరే బండి. మధ్యలో ఎక్కే మనకి వాటా తక్కువ, అందుకే సెలవుల్లో తొందరగా వెయిటింగ్‌లో పడుతుంది. దాన్నే పట్టుకుని వేలాడకుండా తిరుపతి-కొల్లం ఎక్స్‌ప్రెస్ చూడండి. వారానికి రెండు రోజులే, కానీ తిరుపతిలోనే మొదలవుతుంది. బండి మొదలయ్యే ఊళ్లో బెర్తులు ఎక్కువ, వెయిటింగ్ పడ్డా ముందు కదిలేది ఆ జాబితానే.

తిరుపతి దాకా ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు గానీ ఎక్స్‌ప్రెస్ బస్సు గానీ ఎక్కితే మీ ఇంటావిడకీ అమ్మగారికీ ఆడవాళ్ల ఉచిత ప్రయాణ పథకం స్త్రీ శక్తి కింద ఉచితం (2025 ఆగస్టు 15 నుంచి). ఆధార్ దగ్గరుంచుకోండి. నాన్‌స్టాప్, సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొట్టాల్సిందే.

రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకి తెరుస్తారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. చాలామంది తప్పేది ఇక్కడే: ఆ 60 రోజులు లెక్కపెట్టేది బండి మొదటి స్టేషన్లో బయల్దేరే తేదీ నుంచి. ఢిల్లీ నుంచి వచ్చే కేరళ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు చేరేసరికి మూడో తేదీ పడుతుంది. మీరెక్కే రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుని కూర్చుంటే అప్పటికే రెండు రోజులుగా టికెట్లు అమ్ముడవుతుంటాయి. ఒకరోజు ముందు తెరిచే తత్కాల్‌కీ రోజు లెక్కపెట్టేది ఇట్టాగే. ఐఆర్‌సీటీసీ (రైలు టికెట్ల సైటు) ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ఇప్పుడే చేసిపెట్టుకోండి, అది లేనిదే తెరిచిన వెంటనే లోపలికి రానివ్వదు.

4 ఏళ్లవాడికి టికెట్ అక్కర్లేదు. 9 ఏళ్లవాడికి బెర్తు వద్దంటే సగం, కావాలంటే పూర్తి ఛార్జీ. రాత్రి ప్రయాణం కదా, బెర్తు తీసుకోండి. ఇక్కడ మిగిల్చేది చూసుకుంటే తెల్లారేసరికి నడుం పడిపోతుంది. వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, మళ్లీ ఇవ్వలేదు. అయితే లోయర్ బెర్తు కోటా ఉంది. అది ఒకరికి, లేదా అర్హులైన ఇద్దరికి మాత్రమే వర్తిస్తుంది కాబట్టి అమ్మగారి టికెట్ విడిగా తీయాలి. జనరల్ కోటా బెర్తులు అయిపోయాక కూడా ఇందులో ఖాళీ కనబడుతుంటుంది. బోగీ వేరే పడొచ్చు, అది ముందే అనుకోండి.

చెల్లింపు యూపీఐతో చేస్తే కన్వీనియెన్స్ ఫీజు స్లీపర్‌కి 10, ఏసీకి 20 రూపాయలు. కార్డయితే 15, 30. పైన జీఎస్టీ. ఇది మనిషికి కాదు, టికెట్‌కి.

ఒంగోలు_గిత్త:
రైలు సంగతి గూడూరాయన చెప్పాడు. అసలు డబ్బు పోయేది గదుల దగ్గర. ఏప్రిల్, మే నెలల్లో కేరళ పిల్లలకీ సెలవులే, మున్నార్‌లో రేట్లు ఆకాశంలో ఉంటాయి. అక్కడ బడులు జూన్ మొదట్లో తెరుస్తారు, మనకి జూన్ 12న. ఆ మధ్య వారం పట్టుకోండి, శనివారం రాత్రి మాత్రం మున్నార్‌లో పడకుండా చూసుకోండి. అయితే వానలు కూడా సరిగ్గా జూన్ మొదట్లోనే మొదలవుతాయి. కొండచరియలు విరిగితే ఘాట్ మూసేస్తారు. అందుకని చౌకగా వస్తుందని రిఫండ్ రాని గది తీసుకోకండి, రద్దు ఉచితమున్నదే బుక్ చేయండి.

యాప్‌లో రేటు చూసి, హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి అదే గది ఎంతకిస్తారని అడగండి. యాప్ కమీషన్ పోను చాలామంది తగ్గిస్తారు, లేదా టిఫిన్ కలుపుతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 లోపు గదికి జీఎస్టీ 5 శాతమే. ఎవరైనా ఇంకా 12 వేస్తుంటే బిల్లు అడగండి.

హౌస్‌బోటు దగ్గర ప్యాకేజీవాళ్లు బాగా లాగుతారు. రాత్రి బస అంటే రాత్రంతా తిరుగుతుందనుకుంటారు జనం. మధ్యాహ్నం 12 గంటలకి ఎక్కిస్తారు, సాయంత్రం అయిదున్నరకల్లా ఒడ్డుకి కట్టేస్తారు, ఎందుకంటే ఆ తర్వాత జాలర్లు వలలు వేస్తారు. పొద్దున తొమ్మిదికి దించేస్తారు. మామూలు బోట్లలో ఏసీ రాత్రి తొమ్మిది నుంచే. కదిలేది అయిదారు గంటలైనప్పుడు పగటి ట్రిప్పు మాట్లాడుకుని రాత్రికి ఊళ్లో గది తీసుకుంటే సరిపోతుంది. ఇంకా తక్కువలో కావాలంటే అలెప్పీ జెట్టీ నుంచి కొట్టాయం దాకా ప్రభుత్వ పడవ ఉంది. రెండున్నర గంటల ప్రయాణం, అవే కాలువలు, టికెట్ పదుల రూపాయల్లో.

కారు మాట్లాడేటప్పుడు రోజుకెన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ ఎవరివి, అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట చివరిరోజు పనికిరాదు.

పెన్నా_గట్టు:
చాలా థ్యాంక్స్ అన్నా. తిరుగు ప్రయాణానికి ఎర్నాకుళం నుంచి వెయిటింగ్ చూపిస్తే ఎట్టా? వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్ ఎక్కొచ్చా?

గూడూరు_జంక్షన్:
ఎక్కకూడదు. ఆన్‌లైన్ వెయిటింగ్ టికెట్ చార్ట్ (బెర్తుల తుది జాబితా) పడగానే దానంతటదే రద్దవుతుంది. కౌంటర్‌లో తీసినదైనా జనరల్ బోగీకే పనికొస్తుంది. ఆర్‌ఏసీ (సగం బెర్తు, కూర్చునే చోటు) వస్తే ఎక్కొచ్చు, సైడ్ లోయర్‌లో ఇద్దరు సర్దుకోవాలి.

వెయిటింగ్ కనబడితే అదే బండికి అది మొదలయ్యే కొల్లం నుంచి టికెట్ కొట్టి చూడండి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి రేటు తగ్గుతుంది కాబట్టి తేడా పెద్దగా ఉండదు, బెర్తు మాత్రం దొరికే అవకాశం ఎక్కువ. బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ స్టేషన్ ఎర్నాకుళం అని మార్చండి. అది మర్చిపోతే కొల్లంలో మీరు రాలేదని టీటీఈ రాసుకుని బెర్తు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.