తుంటి కీలుకి కెమెరా ఆపరేషన్, ఎవరైనా చేయించుకున్నారా అండి?

అమలాపురం నుంచి: మా తమ్ముడికి 28 ఏళ్లు, వాలీబాల్ ఆడతాడు, కింద కూర్చుని లేస్తే గజ్జల్లో పొడిచినట్టు నొప్పి, ఎమ్మారైలో లాబ్రమ్ (తుంటి గుంట అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) చిరిగిందన్నారు, ఫిజియోతో తగ్గలేదు, ఆర్థ్రోస్కోపీ అంటున్నారు. చేయించొచ్చా?

భీమవరం: నేను చేయించుకున్నానండి. రెండు మూడు చిన్న కన్నాలు పెట్టి, కెమెరాతో చూస్తా చిరిగింది కుట్టి, తొడ ఎముక పైన బంతిలా ఉండే చోట ఎక్కువగా పెరిగిన ఎముక గీకేశారు. కోత చిన్నదే గానీ కోలుకోడానికి టైం పడుద్ది, కొన్ని వారాలు చంకకర్రలు, తర్వాత నెలల తరబడి ఫిజియో. ఆటకి తొందరపడనివ్వకండి.

కాకినాడ: ముందు ఎక్స్‌రేలో కీలు మధ్య గ్యాప్ ఎంతుందో అడగండి. 2 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఈ కెమెరా ఆపరేషన్ పెద్దగా పనిచేయదు, మా నాన్నగారికి అందుకే కీలు మార్పిడి చేశారు. మోకాలికి ఇది చేసే డాక్టర్లు చాలామందే, తుంటికి తక్కువ, అనుభవం కనుక్కోండి.

అమలాపురం: గ్యాప్ సంగతి రేపే అడుగుతానండి, థాంక్స్.