‘ఫోటోగ్రాఫర్’లో ఊనిక ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరాన్ని, ‘ఫోటోగ్రాఫర్’లో రెండోదాన్ని, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడోదాన్ని ఒత్తి పలకాలని బడిలో చెప్పారట. ఒకే మాట కుటుంబంలో ఊనిక (అంటే ఒత్తి పలకడం) ఇలా చోటు మారడానికి లెక్క ఏమైనా ఉందా, లేక నిఘంటువు చూసి బట్టీ పట్టడమేనా?

జవాబు: లెక్క ఉందండీ. అందులో సగం మీ అమ్మాయికి తెలుగు పాఠంలోనే దొరుకుతుంది. గురువునూ లఘువునూ గుర్తుపట్టే చెవి కావాలి, అంతే.

ముందు మాటను విడగొట్టాలి. నోట ఎన్ని అచ్చులు పలికితే అన్ని ముక్కలు. ‘స్ట్రెంత్’లో ఎన్ని హల్లులు గుమిగూడినా అచ్చు ఒక్కటే, కనుక ముక్కా ఒక్కటే. ‘యూనివర్సిటీ’లో ఐదు: యూ-ని-వర్-సి-టీ. ఇప్పుడు చివరినుంచి వెనక్కి రండి. చివరి ముక్కను వదిలేసి దాని ముందున్నదాన్ని చూడండి. అది గురువైతే ఊనిక దానిమీదే: అ-జెం-డా, వె-రాం-డా, పొ-టే-టో. లఘువైతే ఇంకొక్క అడుగు వెనక్కి. ‘యూనివర్సిటీ’లో ‘సి’ లఘువు కాబట్టి ‘వర్’ మీద పడింది. ‘అమెరికా’లో ‘మె’ మీద, ‘కెనడా’లో ‘కె’ మీద పడేదీ ఇందుకే. ఇది లాటిన్ పద్ధతి. ఆ భాషనుంచి వచ్చిన పొడవాటి నామవాచకాలతో ఇంగ్లీషులో స్థిరపడింది.

ఇక ‘ఫోటోగ్రాఫర్’. దీన్ని మనం నాలుగు గురువులతో రాస్తాం: ఫో-టో-గ్రా-ఫర్. చెవి మోసపోయేది అక్కడే. ఇంగ్లీషువారి నోట అది ఇంచుమించు ఫ-టా-గ్ర-ఫ. ‘గ్ర’ లఘువు గనుక ఊనిక ‘టా’ మీదికి జరిగింది. అది పడిన అచ్చు నిండుగా నిలుస్తుంది, తక్కినవి చాలావరకు కుంచించుకుపోతాయి. తెలుగులో అచ్చుల్ని మనం సాధారణంగా ఇంతగా నలిపెయ్యం, అందుకే మనకు ఇది కష్టం. ‘ఫోటోగ్రాఫ్’కూ ఇదే లెక్క. ‘ఫోటోగ్రాఫిక్’ది వేరు: ‘ఇక్’తో ముగిసే మాటల్లో ఊనిక దాదాపు ఎప్పుడూ దాని ముందు ముక్కమీదే. ‘షన్’ కూడా అంతే, ‘ఎడ్యుకేషన్’లో ‘కే’ మీద.

మరొకరు: మరి ‘క్యాలెండర్’? ‘లెం’ గురువే కదా, ఊనిక ‘క్యా’ మీద పడుతుందేం?

జవాబు: మంచి మాట పట్టుకున్నారు. అది లొంగదు, ‘సిలిండర్’ కూడా లొంగదు. అలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవలసిందే. క్రియలకైతే ఈ లెక్క వాడకండి.

అమ్మాయిచేత ఈ రాత్రి ‘ఫ-టా-గ్ర-ఫ’ అని పదిసార్లు పలికించండి, ‘టా’ దగ్గర మాత్రమే చప్పట్లు కొట్టమనండి. రేపు ‘యూనివర్సిటీ’.