పీకించిన దవడ పన్ను జాగాలో మళ్ళా పన్ను పెట్టించాల్నా, వదిలేయచ్చా?

పెన్నా ఒడ్డు (కడప): మా అమ్మకు 58 ఏండ్లు. కింద ఎడమ పక్క దవడ పన్ను నిలువునా పగిలి, రూట్ కెనాల్‌కు కూడా పనికిరాదంటే పీకించినాం. బ్రిడ్జి (పక్క పళ్ళ ఆసరాతో కట్టే పన్ను) గానీ ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దానిమీద పెట్టే పన్ను) గానీ వేయించమని డాక్టరు అంటాడు. మా చిన్నాయనేమో ఒక్క పన్నుకు అంత ఖర్చెందుకు, ఇంకో పక్క నములుతుందిలే అంటాడు.

చెనిక్కాయ (అనంతపురం): చిన్నాయన మాటే కరెక్టు. మా నాయన దవడ పన్ను లేకుండానే చెనిక్కాయలు నములుతా ఉండాడు.

బురుజు నీడ (కర్నూలు): మీ నాయనకు పోయింది ఏ పన్నప్పా? చివరిదైతే వదిలేసినా పెద్ద నష్టం లేదు. జ్ఞాన దంతమైతే ఎవరూ పెట్టించరు కూడా. నడిమిది పోతేనే చిక్కు. వెనక పన్ను ఆ సందులోకి ఒరుగుతుంది, పై పన్నుకు కింద ఆనిక లేక దిగుతుంది. ఒరిగిన చోటికి బ్రష్ పోదు, మెతుకులు ఇరుక్కొని మంచి పన్ను కూడా పుచ్చుతుంది. ఏండ్లు గడిచినాక పెట్టిద్దామంటే జాగా ఉండదు, ఎముకా తరిగిపోయి ఉంటుంది.

బ్రిడ్జికి అటూ ఇటూ పళ్ళు చెక్కాల. చెక్కిన ఎనామిల్ మళ్ళా రాదు. అవి ముందే క్యాపులు వేసినవైతే బ్రిడ్జే నయం. ముట్టని పళ్ళయితే నేనైతే చెక్కనియ్యను.

చెనిక్కాయ: మా నాయనది చివరిదేలే. అయినా అందరికీ ఇంప్లాంటే అనడం వ్యాపారం కాదా?

బురుజు నీడ: కొంత ఉంది, కాదనను. కానీ అది నిన్నమొన్నటి సరుకు కాదు. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1965లోనే మనిషికి టైటానియం స్క్రూ పెట్టినాడు. ఎముక దాన్ని పట్టుకోను 3 నుంచి 6 నెలలు పడుతుంది. డబ్బు లేకుంటే తీసి పెట్టుకునే పన్నుంది. చవకే గానీ నమిలేటప్పుడు కదుల్తుంది. ఖర్చుకు భయపడితే మీ కడప రిమ్స్ ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఒకసారి చూపించండి. ఇంతకీ అమ్మకు షుగరుందా?

పెన్నా ఒడ్డు: ఉందన్నా, అదుపులోనే ఉంది. పోయింది చివరిది కాదు, పక్క రెండూ మంచివే. ఎముకల బలానికని వారానికొక మాత్ర వేసుకుంటుంది.

బురుజు నీడ: షుగర్ అదుపులో ఉంటే ఇంప్లాంట్‌కు అడ్డు లేదు. ఆ మాత్ర సంగతి పీకేటప్పుడు చెప్పినారా? అట్లాంటి కొన్ని మందులతో, అరుదుగానైనా, దవడ ఎముక మానకుండా పోతుంది. బ్రిడ్జా ఇంప్లాంటా అనేది తర్వాత, ముందు పీకిన చోట చిగురు పూర్తిగా మూసుకుందో లేదో చూపించు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

పెన్నా ఒడ్డు: ఎవరూ అడగలేదన్నా. రేపు మందుల చీటీ పట్టుకొని పోతాం.

చెనిక్కాయ: చిన్నాయనను కూడా పిల్చుకపో, బేరమాడతాడు.