పల్లెలో హత్యలు ఎక్కువా, పట్నంలోనా?

నాగావళి గట్టు:
మా అబ్బాయికి విశాఖలో ఉద్యోగం వచ్చింది. “పట్నంలో రోజూ హత్యలే, పంపకు” అని ఆమదాలవలస చుట్టాలంతా ఒకటే పోరు. నిజంగా పట్నమే ప్రమాదమా?

రాజాం మాస్టారు:
టీవీలో కనబడిందల్లా లెక్క కాదండి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికలో దేశం మొత్తమ్మీద 28,522 హత్య కేసులు. లక్ష మందికి 2.1. కారణాల్లో మొదటిది తగాదాలు: 9,962. ఆ తర్వాత పాత కక్షలు. గట్టు తగాదాలు, వాటాల గొడవలు మన పల్లెల్లో ఎన్ని చూడ్డం లేదు? నా ఉద్దేశంలో పల్లే ప్రమాదం.

కోట వీధి:
మాస్టారూ, ఆ 2.1 పల్లెకీ పట్నానికీ కలిపి. 20 లక్షలు దాటిన 19 మహానగరాలకి విడి పట్టిక ఉంది గానీ పల్లెలకంటూ లేదు. మిగతాదంతా పల్లె అనుకుంటే విజయనగరం టౌను కూడా పల్లె కిందే పోతుంది. పైగా 50 వేల జనాభా ఉన్న మండలంలో ఒక హత్య జరిగితే రేటు 2, మరుసటేడు రెండు జరిగితే 4. దాంతో ఏం తేలుతుంది?

కొండ దిగువ:
నేను 108లో పనిచేశాను. మీరంతా చనిపోయినవాళ్లనే లెక్కబెడుతున్నారు. తలమీద కర్ర దెబ్బ విజయనగరంలో తగిలితే వెంటనే ఆస్పత్రిలో పడేస్తాం, మనిషి బతుకుతాడు, అది హత్యల లెక్కలోకి రాదు. అదే దెబ్బ ఎస్.కోట పైన కొండ ఊళ్లో తగిలితే డోలీ కట్టి రోడ్డుదాకా మొయ్యాలి. అక్కణ్ణుంచి విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి. దారిలో ప్రాణం పోతే కొట్లాట కేసు కాస్తా హత్య సెక్షన్‌కి మారిపోతుంది, కేసు ఊరి స్టేషన్ లెక్కలో పడుతుంది. ఆ రేటులో రోడ్డు లేకపోవడం కూడా ఉందండి.

రాజాం మాస్టారు:
రోడ్డు మాట నిజమే. కానీ కొట్టింది మనిషి కదా బాబూ, రోడ్డు కాదు. తప్పు దానిమీదకి నెట్టేస్తే ఎలా?

కొండ దిగువ:
నెట్టడం లేదు మాస్టారూ. ఓసారి వానలో ఒకాయన్ని కిందికి దించాం. చింతచెట్టు వాటా దగ్గర మాటామాటా పెరిగి సొంత తమ్ముడే కొట్టాడు. డోలీ కర్ర ఒక కొస ఆ తమ్ముడి భుజం మీదే ఉంది. రోడ్డు చేరేదాకా “అన్నా, అన్నా” అంటూనే ఉన్నాడు. బండి ఎక్కించేసరికి ఆయనలో పలుకు లేదు.