రిటైర్ అయ్యాక మళ్లీ మోడల్ రైళ్లు: పాత లిమా సెట్టు, ఖాళీ గది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీటర్‌గేజ్ అభిమాని, సీతాఫల్‌మండి

అందరికీ నమస్కారం. ఈ మధ్యే బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. 1980ల్లో మా మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిన లిమా కంపెనీ హెచ్‌ఓ సెట్టు (అసలు రైలులో 87వ వంతు, అంటే 1:87 సైజు) ఒకటి ఇన్నేళ్లూ అటక మీదే ఉంది. డీజిల్ ఇంజిన్, మూడు పెట్టెలు, గుండ్రంగా కలిసే పట్టాలు, చిన్న కంట్రోలర్. బదిలీలు, పిల్లల చదువుల మధ్య దాని మూట విప్పే తీరిక దొరకలేదు. మొన్న దించి చూస్తే పట్టాలు తుప్పు పట్టాయి. కరెంటు ఇస్తే ఇంజిన్ గుర్రుమంటోంది తప్ప కదలట్లేదు.

మా అబ్బాయి గది ఖాళీగానే ఉంది, పది బై పదకొండు. అందులో కాచిగూడ కట్టాలని నా కోరిక. ఇప్పటిది కాదు, నా చిన్నప్పటి మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఎడం మీటరే ఉండే లైను) కాచిగూడ స్టేషన్. మన్మాడ్ బండి ఎక్కడానికి నాన్నగారి చెయ్యి పట్టుకుని వైపీ రకం ఆవిరి ఇంజిన్ పక్కనుంచి నడిచేవాణ్ణి. ఆవిరి బుస్సుమంటే గుండె జల్లుమనేది, అయినా మళ్లీ అటే చూసేవాణ్ణి. ఆ ప్లాట్‌ఫామ్ నా చేతులతో కట్టుకోవాలి, ఇది కాలక్షేపం కోసం అడుగుతున్నది కాదు.

మా అమ్మాయి డిసెంబర్‌లో జర్మనీ నుంచి వస్తోంది. ఏం తెమ్మనాలి? అందరూ డీసీసీ (ఇంజిన్లని డిజిటల్‌గా నడిపే పద్ధతి) అంటున్నారు, అది తప్పనిసరా? పాత ఇంజిన్ బతుకుతుందా? మోకాళ్ల నొప్పులున్నాయి, నేల మీద కూర్చుని చేసే పని నావల్ల కాదు.

లాలాగూడ రిటైర్డ్, మౌలాలి

నమస్కారం సర్. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇంట్లో గోడవారన నాకూ ఒక చిన్న స్టేషన్ ఉంది. మీ పోస్ట్ చదివాక సమాధానం రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఇంజిన్ సంగతి. గుర్రుమంటోందంటే మోటారుకి కరెంటు అందుతోంది, ప్రాణం ఉన్నట్టే. ఆ కాలపు లిమాల్లో మోటారు బిళ్లలా పలచగా, చక్రాల పక్కనే ఉంటుంది. బాడీ తీసి, మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లని నొక్కిపెట్టే స్ప్రింగుల్ని జాగ్రత్తగా తీయండి. ఎగిరిపడితే దొరకవు, అందుకే కింద తెల్ల తువ్వాలు పరుచుకోండి. లోపల ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ముఖం మీద మూడు రాగి ముక్కలు, వాటి మధ్య సన్నటి సందులు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి రాలిన కార్బన్ పొడి నూనెతో కలిసి ఆ సందుల్లో నల్లటి ముద్దలా పేరుకుంటుంది. మోటారు గుర్రుమని ఆగిపోవడానికి తరచూ అదే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో రాగి మెరిసేదాకా తుడిచి, సందుల్ని టూత్‌పిక్‌తో గీకండి. గేర్లలో గడ్డకట్టిన గ్రీజు కూడా తీసేయండి. తర్వాత ఇరుసుకి సూదిమొనతో ఒక్క చుక్క నూనె చాలు. ఎక్కువైతే మళ్లీ బ్రష్‌ల మీదికే పోతుంది. చక్రాలకుండే రబ్బరు రింగులు ఈపాటికి గట్టిపడి ఉంటాయి, కొత్తవి వేయాలి.

తుప్పు పట్టిన పట్టాలు మాత్రం పక్కన పెట్టేయండి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లో దుమ్ము ఇంకా తొందరగా చేరుతుంది. కొత్తవి నికెల్ సిల్వర్‌వి తీసుకోండి. ఇంకో సంగతి, పాత లిమా చక్రాల అంచులు బాగా లోతుగా ఉంటాయి. ఎత్తు తక్కువ పట్టాల మీద అవి స్లీపర్ల బొడిపెలకి తగిలి టకటకమంటాయి. పీకో కోడ్ 100 గానీ, జర్మనీలో తేలిగ్గా దొరికే పికో కంపెనీ ఏ-ట్రాక్ గానీ అయితే ఎత్తు 2.5 మి.మీ. ఉంటుంది, ఇబ్బంది రాదు. ఈ రెండూ వేర్వేరు కంపెనీలు, ఒకటి ఇంగ్లండ్‌ది, ఒకటి జర్మనీది. అమ్మాయికి స్పెల్లింగ్‌తో సహా రాసి పంపండి.

జర్మనీ అన్నారు కాబట్టి ముఖ్యంగా ఇది చెప్పాలి. అక్కడ షాపుకి వెళ్తే మొదట చూపించేది మార్క్‌లిన్. చాలా గొప్ప కంపెనీ, కానీ వాళ్ల హెచ్‌ఓ పట్టా మధ్యలో మూడో కాంటాక్ట్ ఉంటుంది. దాని పద్ధతి పూర్తిగా వేరు, మీ లిమా దాని మీద నడవదు. 'రెండు పట్టాల డీసీ' అని గట్టిగా చెప్పమనండి. కరెంటు అక్కడా మనలాగే 230 వోల్టులు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇబ్బంది లేదు.

డీసీసీ ఇప్పుడే వద్దు. అందులో పట్టాల్లో ఎప్పుడూ దాదాపు 15 వోల్టులు ఉంటాయి, ఏ ఇంజిన్‌కి ఆ ఇంజిన్ తనలోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ ద్వారా ఆజ్ఞ అందుకుంటుంది. ఒకే లైను మీద రెండు మూడు ఇంజిన్లను విడివిడిగా నడపాలంటే దాన్ని మించింది లేదు. కానీ మీ పాత ఇంజిన్‌లో ఒక బ్రష్ నేరుగా ఛాసిస్‌కే కలిసి ఉంటుంది, దాన్ని విడదీయకుండా డీకోడర్ పెట్టలేరు. డీకోడర్ లేకుండా ఆ పట్టాల మీద పెడితే మోటారు వేడెక్కి పాడవుతుంది. కొత్తగా కొనే ఇంజిన్‌ని మాత్రం డీకోడర్ సాకెట్ ఉన్నదే చూసి తీసుకోండి. రేపు మనసు మారినా పనికొస్తుంది.

ఇక గది. గదంతా నింపే ఆలోచన ఇప్పుడు పెట్టుకోకండి సర్, నా మాట వినండి. 8 బై 4 ప్లైవుడ్ షీటుని నిలువుగా రెండుగా కోయిస్తే, 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున్న బల్ల వస్తుంది. 12 మి.మీ. ప్లై, కింద చెక్క ఫ్రేమ్. నాలుగడుగుల ఎత్తులో గోడకి బిగించండి. మీరు నిలబడి గానీ, ఎత్తు స్టూలు మీద కూర్చుని గానీ పనిచేయొచ్చు, మోకాలు వంచక్కర్లేదు. వైరింగ్ అంతా ముందు అంచు వెంబడి తెచ్చుకోండి, బల్ల కిందికి దూరే పని ఉండదు. ఆ ఎత్తులో కన్ను ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డ మనిషి కన్నులా ఉంటుంది, పైనుంచి బొమ్మని చూసినట్టు ఉండదు. రెండు లైన్లు, మూడు పాయింట్లు (బండి లైను మారే చోట్లు), ఒక సైడింగ్ (పెట్టెలు నిలిపే పక్క లైను). పెట్టెల్ని అటూ ఇటూ మార్చే షంటింగ్ చేయడానికి అది బోలెడు.

మన మే నెల ఎండకి గది వేడెక్కితే పట్టాలు సాగుతాయి. జాయింట్ల దగ్గర విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలండి. అది వదలక వంకరపోయిన లైన్లు చాలా చూశాను.

గుమ్మటాల పని, తార్నాక

అంకుల్, నేను బిల్డింగ్ మోడల్స్ చేస్తాను. కాచిగూడ 1916 నాటి కట్టడం, మధ్య గుమ్మటం, పక్కన మినార్లతో మోడల్‌కి ఎంత బావుంటుందో! కానీ అచ్చంగా దించాలనుకోకండి. అర కిలోమీటరు ప్లాట్‌ఫామ్‌ని 1:87కి దించినా 19 అడుగులవుతుంది, మీ గదిలో పట్టదు. ప్లాట్‌ఫామ్ కుదించి, ముఖద్వారం మాత్రం కొలత ప్రకారం చేయండి. ఏడడుగుల తలుపు 1:87లో 24.5 మి.మీ. వస్తుంది. ఒక మంచి ఫొటో తీసి, అందులో తలుపుని కొలమానంగా పెట్టుకుంటే మిగతా ఎత్తులన్నీ లెక్కకొస్తాయి. ముందు సన్‌బోర్డుతో (తేలికపాటి ఫోమ్ షీటు) నమూనా చేసి పట్టాల పక్కన నిలబెట్టి చూడండి, నచ్చాకే అసలుది.

మీటర్ గేజ్‌కి ఇంకో దారి ఉంది. 1:87లో మీటరు 11.5 మి.మీ. అవుతుంది. దానికి దగ్గరగా 12 మి.మీ. ఎడం ఉన్న పట్టాలు దొరుకుతాయి, స్విట్జర్లాండ్ కొండ రైళ్ల మోడల్స్ వాటి మీదే నడుస్తాయి, కానీ ఖరీదు. అదే మీరు 1:60లో కడితే 16.5 మి.మీ. ఎడం ఉన్న మామూలు హెచ్‌ఓ పట్టాయే 990 మి.మీ. అవుతుంది, అంటే దాదాపు మీటర్ గేజే! హెచ్‌ఓ మోటారు, చక్రాలు వాడుకుని పైన వైపీ బాడీ మీరే చేసుకోవాలి. బొమ్మలు పెద్దవి కాబట్టి కళ్లకీ తేలిక.

కోఠీ సోల్డర్

కళ్ల మాట వచ్చింది కాబట్టి: భూతద్దం ఉన్న ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంపు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంటే చాలు. స్విచ్‌లు, వైర్లు అన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఎరుపు, నలుపు వైర్లు వేరువేరుగా కొనండి, ఏది ఏ పట్టాకో చూడగానే తెలుస్తుంది.

మీటర్‌గేజ్ అభిమాని

లాలాగూడ సర్‌కి, అందరికీ ధన్యవాదాలు. మోటారు విప్పాను. మీరన్నట్టే సందుల నిండా నల్లటి ముద్ద. తుడిచి బిగిస్తే తిరిగింది! అమ్మాయికి రాసి పంపాను: పికో ఏ-ట్రాక్, మూడు పాయింట్లు, రబ్బరు రింగులు, మార్క్‌లిన్ వద్దు. 1:60 మాట వినగానే మనసు దాని మీదికే పోయింది, వైపీ డ్రాయింగు కోసం వెతుకుతున్నాను. ఒక సందేహం. 1:60కి వెళ్తే లిమా పెట్టెలు పక్కన చిన్నవిగా కనిపిస్తాయి కదా?

లాలాగూడ రిటైర్డ్

కనిపిస్తాయి. రెండూ ఒకేసారి బల్ల మీద పెట్టకండి. పట్టా ఒకటే కాబట్టి ఈలోపు లిమాతో లైన్లు, పాయింట్లు సరిచూసుకోండి, వైపీ తయారయ్యాక అదే లైను దానికిచ్చేయండి. స్టేషన్ మాత్రం మొదటినుంచీ 1:60లోనే కట్టండి, తలుపు 35 మి.మీ. పైచిలుకు వస్తుంది. డ్రాయింగు దొరికితే ఇక్కడ పెట్టండి, సిలిండర్లు, రాడ్ల కొలతలు కలిసి చూద్దాం.