హాల్ లైటు విప్పారు, స్లాబులోంచి ఐదు వైర్లు వేలాడుతున్నాయి. ఏది ఎక్కడ కలపాలి?

మట్టెవాడ పోరడు:
మాది వరంగల్ మట్టెవాడలో పాత ఇల్లు. మొన్న పెయింటింగ్ వేసినవాళ్లు హాల్లో సీలింగ్‌కున్న లైటు విప్పి పక్కన పెట్టి, వైర్లు అట్లనే వదిలేసి పోయారు. ఇప్పుడు కొత్త ఎల్ఈడీ ప్యానెల్ పెడదామంటే అక్కడ ఐదు వైర్లున్నాయి: రెండు ఎర్రవి కలిపి టేపు చుట్టి ఉన్నాయి, ఒకటి పసుపు, రెండు నల్లవి విడివిడిగా ఉన్నాయి. టెస్టర్ పెట్టి చూశాను. హాల్ స్విచ్ వేస్తే పసుపు వైరులో వెలుగుతుంది, తీస్తే పోతుంది, అది అర్థమైంది. కానీ వరండా లైటు స్విచ్ వేస్తే నల్ల వైరు ఒకదాంట్లో కూడా టెస్టర్ వెలుగుతోంది! నలుపు అంటే కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ కదా? పైగా హాల్ ఎంసీబీ (బోర్డులో ఆ లైన్‌కుండే ఆటోమేటిక్ ఫ్యూజు స్విచ్) దించినా ఎర్ర వైర్ల టేపు ఊడిన చోట టెస్టర్ వెలుగుతూనే ఉంది. ఆ రోజు నుంచి వరండా లైటు కూడా రావట్లేదు. పక్కింటాయన నల్లవి వదిలేసి ఎర్త్‌కి కలుపు, వెలుగుతుంది అంటున్నాడు. చేయొచ్చా?

టెస్టర్ కాక:
ఎర్త్ మాట మర్చిపో తమ్ముడూ. లైటు వెలగడం వెలుగుతుంది, నిజమే, కానీ రేపు ఆ ఎర్త్ వైరు ఎక్కడన్నా తెగితే ఫ్రిజ్ బాడీకి, గీజర్ బాడీకి కరెంటు వస్తుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉన్న ఇంట్లో అయితే స్విచ్ వేయగానే ట్రిప్ అవుతుంది.

ముందు ఒకటి చెప్పు, ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఎంసీబీ దించినా ఎర్ర వైర్లలో కరెంటు ఉందంటే అది ఇన్వర్టర్ ఫేజే (కరెంటు తెచ్చే వైరు) అయ్యుండాలి, ఒక బోర్డు నుంచి ఇంకో రూముకు సీలింగ్‌లో ఈ లైటు బాక్సు మీదుగా లాగి ఉంటారు. మన దగ్గర ఇన్వర్టర్ వైర్లు తర్వాత వచ్చినవే కాబట్టి దగ్గర దారి ఎటు దొరికితే అటు లాగేస్తారు. వాటితో నీకు పని లేదు, ప్రస్తుతానికి టేపు మళ్లీ గట్టిగా చుట్టి పక్కకు జరుపు. కానీ పైకెక్కే ముందు మెయిన్ దించు, ఇన్వర్టర్ కూడా ఆఫ్ చెయ్. రెండూ. ఇన్వర్టర్ ఒక్కటే ఆఫ్ చేసి మెయిన్ ఉంచితే చాలా వాటిలో లైన్ కరెంటు లోపలి నుంచి అట్లనే పోతుంది, మెయిన్ ఒక్కటే దించితే బ్యాటరీ కరెంటు వస్తుంది.

ఇక నల్లవి. నీ ఇల్లు లూపింగ్‌లో ఉంది, అంటే ఒక లైటు దగ్గర నుంచే ఇంకో లైటుకు వైరు లాగారు. ఒక నలుపు బోర్డు నుంచి వచ్చే న్యూట్రల్, రెండోది ఇక్కడి నుంచి వరండా లైటుకు పోయే న్యూట్రల్. పాత లైటు దగ్గర రెండూ కలిపి ఉండేవి, పెయింటర్లు విడదీశారు. ఇప్పుడు వరండా స్విచ్ వేస్తే ఫేజ్ ఆ బల్బులోంచి వచ్చి, పోవడానికి దారి లేక ఆ నల్ల వైరు కొస దగ్గర ఆగుతోంది. టెస్టర్‌కు అది ఫేజ్ లాగే కనిపిస్తుంది, నీ చేతికి కూడా అట్లనే తగులుతుంది.

కాజీపేట స్క్రూడ్రైవర్:
కాక చెప్పింది కరెక్టే గానీ టెస్టర్ ఒక్కదాన్ని నమ్మొద్దు. పక్క వైరులో కరెంటు ఉంటే, తగలకపోయినా దాని ఇండక్షన్‌కు కూడా అది సన్నగా వెలుగుతుంది. హోల్డర్‌కు రెండు వైర్లు బిగించి పాత ఫిలమెంట్ బల్బు పెట్టుకోండి, ఎల్ఈడీ వద్దు, కొంచెం లీకేజీకే వెలిగి మోసం చేస్తుంది. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆఫ్ చేసి, హోల్డర్ ఒక వైరు పసుపుకు, ఇంకోటి మొదటి నలుపుకు కలపండి. కిందికి దిగి వరండా స్విచ్ ఆఫ్‌లో ఉంచి, హాల్ స్విచ్ వేసి మెయిన్ ఎత్తండి. తర్వాత మళ్లీ మెయిన్ దించి రెండో నలుపు చూడండి. ఏ నలుపుతో బల్బు ఫుల్లుగా వెలుగుతుందో అదే బోర్డు న్యూట్రల్. నిచ్చెన మీద ఉండి లైవ్ వైర్లు కలపడం లాంటి హీరో పనులు వద్దు.

హన్మకొండ అక్క:
మాకు లైట్లు ఒకసారి డిమ్ముగా, ఒకసారి ఎక్కువ వెలుగుతుంటే ఇంట్లో వైర్లన్నీ వెతికాం. తీరా చూస్తే మీటర్ దాకా వచ్చే సర్వీసు వైరు న్యూట్రల్ లూజు! అట్లుంటే కరెంటోళ్ల 1912కి ఫోన్ చేయాలి. మీ కథ వేరేలే, ఊరికే చెప్పా.

మట్టెవాడ పోరడు:
ఇన్వర్టర్ ఉంది కాకా, మెయిన్ దించి అది కూడా ఆఫ్ చేయగానే ఎర్ర వైర్లలో టెస్టర్ ఆరిపోయింది. బల్బుతో నల్లవి కూడా తేలాయి. కొత్త ప్యానెల్‌కు మాత్రం ఒక బ్రౌన్, ఒక నీలం వైరు ఉన్నాయి. నీలం ఫేజ్ కదా? మా ఇంట్లో త్రీఫేజ్‌కి ఎరుపు, పసుపు, నీలమే.

టెస్టర్ కాక:
అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పాత త్రీఫేజ్ ఇళ్లల్లో నీలం మూడో ఫేజ్, కొత్తగా వచ్చే లైట్లకు మాత్రం బ్రౌన్ ఫేజ్, నీలం న్యూట్రల్. పసుపుకు బ్రౌన్ కలుపు. రెండు నల్లవీ, ప్యానెల్ నీలం వైరూ మూడూ ఒకే కనెక్టర్‌లో బిగించు. నలుపు రెండూ కలిస్తేనే వరండా లైటు వస్తుంది. వట్టి టేపు చుట్టి వదలకు, ఎండాకాలం స్లాబు వేడికి దాని గమ్ము కరిగి ఊడిపోతుంది, నీ ఎర్ర వైర్ల టేపు కథ కూడా అదే, వాటికీ కనెక్టర్ పెట్టు. కనెక్టర్ ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది.

కాజీపేట స్క్రూడ్రైవర్:
ఆ ఎర్ర వైర్ల మీద "ఇన్వర్టర్" అని రాసి ఒక స్టిక్కర్ కూడా అంటించండి, తర్వాత ఎక్కేవాడికి తెలియాలి కదా.